నీళ్లు తగ్గేటప్పుడు పూసే అడవి
(సంఘం యువజన సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

గోండు గూడేల వాళ్లు, కొలాం గూడేల వాళ్లు, ప్రధాన్, తోటి, నాయక్‌పోడ్ కుటుంబాల పిల్లలు ఇంతమంది ఒకచోట కూర్చోవడం చూస్తే సంతోషంగా ఉంది. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ జాగా ఉంది.

నన్ను అడవిలో వసంతం గురించి మాట్లాడమన్నారు. బడిలో మనకు వసంతం అంటే చైత్రం, వైశాఖం అని చెప్పారు. మామిడి చిగురు, కోయిల పాట, పచ్చని తోట అని చెప్పారు. అది ఊరి వసంతం, తోటల వసంతం. ఆదిలాబాద్ అడవిలో పుట్టిన వాళ్లకు ఆ బొమ్మ సరిపోదు. మన దగ్గర వసంతం పచ్చగా రాదు. ఆకు అంతా రాలి, అడవి అస్థిపంజరంలా నిలబడ్డప్పుడు వస్తుంది. ఎండుకొమ్మ మీద ఎర్రగా వస్తుంది. పైన కొమ్మల్లో పువ్వు విచ్చుకుంటున్న రోజుల్లోనే కింద కుంటల్లో నీళ్లు తగ్గిపోతుంటాయి. మన అడవిలో ఈ రెండింటినీ కలిపి చూసినవాడికే కాలం తెలుస్తుంది. పువ్వును చూడడం అందరికీ వచ్చు. నీటిని చూడడం మనం మర్చిపోతున్నాం. ఈరోజు నేను ఎక్కువగా నీటి గురించే చెబుతాను.

మన నాగోబా జాతరనే తీసుకోండి. పుష్య మాసం అమావాస్యకు కేస్లాపూర్‌లో పూజ జరుగుతుంది. దానికి ముందు మెస్రం వంశీయులు కాలినడకన జన్నారం వైపు వెళ్లి, గోదావరిలోని హస్తినమడుగు నుంచి నీళ్లు తెస్తారు. వచ్చి మర్రిచెట్టు కింద బస చేస్తారు. కేస్లాపూర్ కోనేటి నీళ్లతో మట్టి కలిపి ఆడపడుచులు, కోడళ్లు పుట్టలు చేస్తారు. అంటే మన సంవత్సరంలో అతి పెద్ద పండుగ ఒక మడుగు నీళ్లతో, ఒక కోనేటి నీళ్లతో నడుస్తుంది. అది కూడా ఎప్పుడు? వానలు వెళ్లిపోయి, వాగులు సన్నబడి, నీళ్లు మడుగుల్లోకి ముడుచుకుంటున్న కాలంలో. మనం గోండిలో నీళ్లను ఏర్ అంటాం. తెలుగువాళ్లు ఏరు అంటే పారే వాగు. మన వాగులు మాఘం దాటాక పారవు. అప్పుడు మిగిలేది మడుగు, కుంట, దొన, చెలమ.

ముందు చెట్ల సంగతి చెప్పేస్తాను. అది మీకు తెలిసిందే కాబట్టి త్వరగా.

మొదట బూరుగు. జనవరి చివర నుంచే ఆకు లేని కొమ్మల మీద అరచేయంత ఎర్రపూలు, ఐదు మందపు రేకులు. ఆ పువ్వులో తేనె ఎక్కువ. తెల్లవారుజామున బూరుగు కింద నిలబడితే గోరింకలు, చిలకలు, ఉడతలు చేసే గోల వినిపిస్తుంది. తర్వాత మోదుగ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొండవాలు మొత్తం నిప్పంటుకున్నట్టు కనిపిస్తుంది. దురాడికి ఆ పువ్వు నానబెట్టి రంగు తీసే ఇళ్లు ఇంకా ఉన్నాయి, తగ్గాయి కానీ ఉన్నాయి. రాతిగుట్టల మీద కొండగోగు పసుపుపచ్చగా పూస్తుంది. దానికీ అప్పుడు ఆకు ఉండదు. మార్చి వచ్చేసరికి ఇప్ప. ఇప్ప మాత్రం రాత్రి పని చేసే చెట్టు. గబ్బిలాలు రాత్రి వచ్చి పువ్వు మీద వాలతాయి, పుప్పొడి మోస్తాయి. తెల్లవారే ముందు నుంచి పువ్వు రాలుతుంది. వేప, రావి, కానుగ అప్పుడే కొత్త ఆకు వేస్తాయి. కంసాలి సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ అని ఒకే వరసలో కూసే చిన్న పిట్ట గొంతు పెంచుతుంది. కోయిల కూడా అంతే.

ఇన్ని చెప్పి టేకు గురించి చెప్పలేదేమిటి అనుకుంటున్నారా? టేకు వసంతంలో ఏమీ చెప్పదు. చలికాలంలో ఆకు రాల్చి, వానల దాకా మోడులా ఉండి, వానాకాలంలో పూస్తుంది. అందుకే ఒక్క టేకే నాటిన ప్లాంటేషన్‌లో మార్చి నెలలో నడిచి చూడండి, ఒక్క పిట్ట కూత వినపడితే గొప్ప. నన్ను అడిగితే దాన్ని అడవి అనను, కలప తోట అంటాను.

ఇంత ఎండలో, నేల పగిలే కాలంలో ఈ చెట్లు ఎందుకు పూస్తాయి, ఎందుకు చిగురుస్తాయి? ఆకు ఉంటే ఆవిరి రూపంలో నీళ్లు పోతాయి. ఆకు రాల్చేసిన చెట్టు ఆ ఖర్చు ఆపుకుంటుంది. లోతు వేళ్లు, కాండంలో దాచుకున్న నీళ్లు పువ్వుకు పనికొస్తాయి. ఆకు అడ్డం లేదు కాబట్టి పువ్వు పిట్టకు దూరం నుంచే కనిపిస్తుంది. ఇక చిగురు సంగతి. తమిళనాడులోని ముదుమలై అడవిలో చేసిన ఒక అధ్యయనం 1993లో వెలువడింది. వానలకు ముందే చిగురు వేసిన చెట్ల ఆకులను పురుగులు తక్కువగా తిన్నాయని అందులో తేలింది. వాన పడ్డాక పురుగు పెరుగుతుంది, అప్పటికి ఈ ఆకు ముదిరిపోయి ఉంటుంది. చెట్టుకు మనకన్నా ముందుచూపు ఎక్కువ.

ఇక నీటి దగ్గరికి వద్దాం.

అమెరికా తూర్పు భాగంలో, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల అడవుల్లో, ‘వసంత కుంటలు’ అని ఉంటాయి. చలికాలం మంచు కరిగి, వసంతకాలపు వానలు కలిసి, అడవిలోని చిన్న పల్లాలు నిండుతాయి. ఎండాకాలానికి చాలావరకు ఎండిపోతాయి. ఎండిపోతాయి కాబట్టి వాటిలో చేపలు ఉండవు. చేపలు లేవు కాబట్టి కప్ప గుడ్లు, తలకప్పలు బతుకుతాయి. అక్కడ ఒక రకం అడవి కప్ప ఉంది. చలికాలంలో ఆకుల కింద దాని ఒంట్లో నీరు సగానికి పైగా గడ్డకట్టుకుపోతుంది. గుండె ఆగుతుంది. వసంతంలో కరిగి, లేచి, నేరుగా ఆ కుంటకు వెళ్లి కూస్తుంది. ఆ కూతే అక్కడివాళ్లకు వసంతం వచ్చిందనే కబురు.

మన దగ్గర ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. మన పల్లాలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వానలకు నిండుతాయి. వసంతం వచ్చేసరికి ఎండుతాయి. అక్కడి కప్ప మంచుకు దాక్కుంటుంది, మన కప్ప ఎండకు దాక్కుంటుంది. బోదురు కప్ప మట్టిలోకి దూరి కదలకుండా ఉండిపోతుంది. తొలివానకు బయటికి వచ్చినప్పుడు మగకప్ప పసుపు పూసుకున్నట్టు మెరుస్తుంది, మీరంతా చూసే ఉంటారు. అది గుడ్లు పెట్టేది లోతు చెరువులో కన్నా, కొత్తగా నిండిన చిన్న కుంటలోనే ఎక్కువ. అలాంటి కుంటల్లోనే వానాకాలంలో వెల్లకిలా ఈదే సన్న రొయ్యలాంటి పురుగు కనిపిస్తుంది. దాని గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్ల తరబడి ఓపికగా పడి ఉండగలవు. మీరు మార్చిలో పగిలిన కుంట అడుగు మీద నడుస్తున్నప్పుడు మీ కాళ్ల కింద వచ్చే వానాకాలపు ప్రాణమంతా నిద్రపోతూ ఉంటుంది.

అందుకే ‘ఎండిపోయే కుంట పనికిరాని కుంట’ అనే మాట నేను ఒప్పుకోను. ఎండిపోవడమే దాని పని.

పూర్తిగా ఎండకముందు, అంటే మాఘం, ఫాల్గుణంలో, కుంట దగ్గర ఏం చూడాలి? మొదట ఒడ్డు చూడండి. నీళ్లు దిగిన ప్రతిసారీ మట్టి మీద ఒక గీత మిగులుతుంది. పళ్లెం అంచుల్లా గీత కింద గీత. రెండు గీతల మధ్య దూరం పెరిగితే నీరు వేగంగా దిగుతోందని అర్థం. తర్వాత తడి బురద చూడండి. రాత్రి ఎవరు వచ్చారో అక్కడే రాసి ఉంటుంది: దుప్పి గిట్టలు, అడవిపంది తవ్విన జాడ, ఎలుగు పాదం. పగలు అదే బురద మీద సీతాకోకలు గుంపుగా వాలి ఉంటాయి. అవి చాలావరకు మగవి. నీళ్లతో పాటు మట్టిలోని ఉప్పును పీల్చుకుంటాయి. కొంగలు, లకుముకి పిట్టలు ఎక్కువగా చేరాయంటే చేపలు ఒకచోట ఇరుక్కుపోయాయన్నమాట. నీటి మీదికి మాటిమాటికీ వచ్చి గుటక వేసేది కొర్రమీను. దానికి గాలి పీల్చే శక్తి ఉంది, అందుకే నీళ్లు పాడైనా, బురద మిగిలినా కొంతకాలం బతుకుతుంది. నీళ్లు మొత్తం పోయాక వాగు ఇసుకలో చెలమ తీస్తాం. మోకాలి లోతులో నీళ్లు ఊరాయా, నడుము లోతు దాకా తవ్వాల్సి వచ్చిందా? ఇది మన అవ్వలకు నోటిమాటగా తెలిసిన లెక్క. పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత అని వాళ్లు చెప్పగలరు. మనం చెప్పగలమా? ఇంటి ముందు నల్లా వచ్చాక చెలమ లోతు అడిగేవాళ్లు లేరు. నల్లా వద్దనడం లేదు, ఆడవాళ్ల నడుములు విరిగిన సంగతి నాకు తెలుసు. లెక్క మాత్రం పోగొట్టుకోవద్దు అంటున్నాను.

ఇప్పుడు కష్టమైన మాటలు. పెద్దలు ఏమీ అనుకోవద్దు.

ఒకటి మందు. నీళ్లు తగ్గిన మడుగులో చేపలు పట్టడం మన పాత అలవాటే. ఊరంతా కలిసి, ఒకరోజు అనుకుని, చెట్టుకాయలు దంచి వేసి, మత్తెక్కిన చేపలను ఏరుకునేవాళ్లు. దానికి ఒక కట్టుబాటు ఉండేది. ఇప్పుడు కొందరు కుర్రాళ్లు పత్తి చేనుకు కొట్టే మందు డబ్బా, బ్లీచింగ్ పొడి తెచ్చి కుమ్మరిస్తున్నారు. దాంతో చేపతో పాటు తలకప్ప, తూనీగ పిల్ల, పీత అన్నీ పోతాయి. చుట్టుపక్కల మైళ్ల దూరంలో అదొక్కటే నీరు అయినప్పుడు, ఆ రాత్రి దాహానికి వచ్చిన జంతువు ఏం తాగుతుంది? మన మేక ఏం తాగుతుంది? ఆ చేప తిన్న మన పిల్లవాడి సంగతేమిటి?

రెండోది యంత్రం. ఉన్న కుంటనల్లా జేసీబీతో లోతు చేసి, గట్టు కట్టి, చేపపిల్లలు వదలడం అభివృద్ధి అనుకుంటున్నాం. ఇంకుడు కుంటలు కావాలి, పశువులకు నీళ్లు కావాలి, నేను వాటికి వ్యతిరేకిని కాను. కానీ ఊరికి నాలుగు పల్లాలు ఉంటే నాలుగూ తవ్వకండి. ఒక్కటైనా లోతు లేకుండా, చేపలు లేకుండా, దాని మానాన నిండి దాని మానాన ఎండేలా వదిలేయండి. కప్ప పిల్ల బతికేది అందులోనే. ఆ కప్పే మీ వరిమడిలో పురుగు తింటుంది.

మూడోది నిప్పు. ఇది ఇప్ప కాలం కాబట్టి గట్టిగా చెప్పాలి. ఎండుటాకుల్లో పువ్వు కనపడదని చెట్టు కింద నిప్పు పెడతారు. తునికాకు బాగా చిగురు వేస్తుందని కూడా పెడతారు. ఆ నిప్పు చెట్టు కింద ఆగదు, గుట్ట ఎక్కుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇప్పకే. ఇప్ప మొలక కాలిపోతుంది. మీ ఊళ్లో ఇప్పచెట్లు లెక్కపెట్టండి, తాతల కాలంనాటి లావు చెట్లు ఎన్ని ఉన్నాయో, మోకాలెత్తు పిల్లచెట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. కాల్చే బదులు ఆకులు ఊడ్చి పక్కకు పోయండి. పాత చీరలు, దోమతెరలు, వల పరిస్తే పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది. శుభ్రమైన పువ్వుకు అడిగే ధర వేరుగా ఉంటుంది. మన పంట కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. వాళ్లతో బేరం మాట్లాడాలన్నా మన సరుకు బాగుండాలి కదా. ఇంకొకటి, ఇప్పపువ్వు మనకన్నా ఎలుగుబంటికి ఎక్కువ ఇష్టం. చీకటితో ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లండి.

ఇక మీరు చేయగల పని ఒకటుంది. అది రాయడం.

జపాన్‌లో క్యోటో అనే నగరం ఉంది. అక్కడ చెర్రీ పూలు నిండుగా విచ్చుకున్న తేదీల రికార్డు 812వ సంవత్సరం నుంచి ఉంది. మధ్యలో ఖాళీలు ఉన్నా పన్నెండు వందల ఏళ్ల లెక్క అది. రాసినవాళ్లు శాస్త్రవేత్తలు కాదు. రాజుగారి కొలువులో వాళ్లు, సన్యాసులు, పూల వేడుకకు ఎప్పుడు వెళ్లామో దినచర్యల్లో రాసుకున్నారు. 2021లో మార్చి 26న అక్కడ పూలు విచ్చుకుంటే, ఇన్ని వందల ఏళ్లలో ఇంత ముందు ఎన్నడూ లేదని చెప్పగలిగారు. మన మోదుగ ముందుగా పూస్తోందా, ఆలస్యంగా పూస్తోందా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతాం, చూపడానికి కాగితం లేదు. ఒక్క ఏడాది ముందే పూసిందని కాలం మారిపోయిందనకండి. పదేళ్లు రాస్తే అప్పుడు మాట్లాడదాం. దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. అందులో బడిపిల్లలు కూడా ఒకే చెట్టును వారం వారం చూసి ఆకు, పువ్వు, కాయ వివరాలు నమోదు చేస్తారు. అది చెట్టుకు. మనం దానికి కుంటను జోడిద్దాం.

ఎలాగంటే, ఒక కుంట ఎంచుకోండి. దాని ఒడ్డున కదలని రాయి ఒకటి గుర్తు పెట్టుకోండి. కుంటకు దగ్గరలో నాలుగు చెట్లు ఎంచుకోండి, ఏటా అవే. వారానికి ఒక్కరోజు, మీ సంత రోజున అనుకోండి, అప్పుడైతే మర్చిపోరు. నీళ్లు రాయికి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయి, నాలుగు చెట్లలో మొగ్గ ఉందా, పువ్వు ఉందా, చిగురు ఉందా, బురదలో ఏ జాడ ఉంది. నాలుగు మాటలు చాలు. ఫోనుతో ఒకే చోట నిలబడి ఒక ఫోటో. ముఖ్యంగా మొదటి పేజీలో కుంట పేరు రాయండి. రికార్డుల్లో ఉన్న పేరు కాదు. మన వాళ్లు గోండిలో, కొలామిలో పిలిచే పేరు. పేరు ఎందుకు వచ్చిందో ఊళ్లో పెద్దమనిషిని అడిగి, ఆయన ఒప్పుకుంటే ఆయన గొంతులోనే రికార్డు చేయండి. కొన్ని కుంటల దగ్గర పేన్ ఉంటుంది, ఎవరు పడితే వాళ్లు వెళ్లకూడదు. అక్కడ పెద్దల మాటే మాట, ఫోను జేబులో పెట్టుకోండి. కవ్వాల్ 2012లో పులుల రిజర్వు అయింది, ఆ లోపలి భాగంలోకి లెక్క కోసమని దూరిపోకండి. మన గూడెం చుట్టూ ఉన్నవే చాలు.

ఈ నోట్‌బుక్ దేనికి అని ఒక చెల్లెలు పొద్దున అడిగింది. మంచి ప్రశ్న. అటవీ హక్కుల చట్టం 2006 గురించి పట్టాల వరకే మనం మాట్లాడుకుంటాం. అదే చట్టం ఐదో సెక్షన్ చదవండి. అడవిని, వన్యప్రాణులను, చుట్టుపక్కల పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. మూడో సెక్షన్‌లో చేపలు, నీటివనరుల ఉత్పత్తుల మీద సామూహిక హక్కు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీల చేతిలో ఉండాలని 1996 పీసా చట్టం చెబుతుంది. కాపాడే అధికారం ఉంది సరే, ఏం కాపాడాలో జాబితా ఏది? మసాచుసెట్స్ కుంటల గురించి చెప్పాను కదా. అక్కడ మామూలు జనం ఫోటోలు, ఆధారాలు పంపితే ప్రభుత్వం ఆ కుంటను ధ్రువీకరించి జాబితాలో చేరుస్తుంది. జాబితాలో ఉంటే దానికి రక్షణ వస్తుంది. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేకపోయినా, గ్రామసభ తీర్మానంతో మన జాబితా మనం రాసుకోవడానికి అడ్డేముంది? ఒక నోట్‌బుక్ చూసి జేసీబీ ఆగిపోతుందని నేను చెప్పను. కానీ పేరు, తేదీ, ఫోటో ఉన్న కుంట గురించి ‘ఇక్కడ ఏమీ లేదు, ఖాళీ పల్లం’ అని రాయడం ఎవరికైనా కష్టమవుతుంది.

కొమరం భీం పేరు చెప్పగానే మనమంతా జల్, జంగల్, జమీన్ అంటాం. మొదటి మాట జల్. జమీన్ కోసం కాగితాలు పట్టుకుని తిరిగాం, తిరుగుతున్నాం. జంగల్ కోసం కొట్లాడాం. జల్ కోసం మన చేతిలో ఒక్క కాగితం కూడా లేదు.

బయట బల్ల మీద నోట్‌బుక్‌లు పెట్టించాం. గూడేనికి ఒకటి చొప్పున తీసుకోండి, తీసుకున్నవాళ్లు గూడెం పేరు అక్కడి పట్టీలో రాయండి. మోదుగ ఇప్పుడు మొగ్గ మీద ఉంది. దురాడికి ముందే మొదటి లెక్క పడితే మంచిది. భోజనాలకు ఇంకా అరగంట ఉంది, అడగాల్సినవి ఉంటే అడగండి. జై సేవా.